మూడు వైర్ల చుట్టరికం

చేలో బోరు మోటారుకూ, అరచేతిలో ఇమిడే డ్రోన్ మోటారుకూ మూలసూత్రం ఒకటే. రోబో తయారుచేద్దామనుకునే పల్నాడు పిల్లలకు తొలి పాఠం వైండింగ్ షాపులోనే దొరుకుతుంది.

బోరులో కొత్త మోటారు దించి స్విచ్ వేస్తే నీళ్ళు సన్నగా, నీరసంగా వస్తున్నాయనుకోండి. పల్నాడు రైతు ముందు అనుమానించేది బోరును కాదు, ఫేజులను. మెయిన్ ఆపేసి, స్టార్టర్ డబ్బా తెరిచి, మూడు వైర్లలో ఏవో రెండింటిని తారుమారు చేసి బిగిస్తాడు. మోటారు సరైన వైపు తిరుగుతుంది, పైపు నిండా నీళ్ళు పడతాయి. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఏ ఊళ్ళో అడిగినా ఈ మాత్రం తెలిసినవాళ్ళు వీధికి నలుగురుంటారు.

అదే ఊళ్ళో ఇంజినీరింగ్ చదివే కుర్రాడో, పదో తరగతి అమ్మాయో రోబో చేద్దామని ఆన్‌లైన్‌లో ఒక బ్రష్‌లెస్ మోటారు తెప్పించుకుంటారు. నాలుగైదు వందల రూపాయలకు అగ్గిపెట్టె కంటే చిన్నది వస్తుంది. అంతకుముందు వాళ్ళు వాడిన బొమ్మ మోటార్లకు ఎరుపు, నలుపు రెండే వైర్లు. దీనికి మూడు. ప్లస్ ఏదో మైనస్ ఏదో రాసి ఉండదు. ఏవో రెండు వైర్లు బ్యాటరీకి తగిలిస్తే ఒక్కసారి ఉలిక్కిపడి అక్కడే బిగుసుకుపోతుంది. కాసేపు అలాగే ఉంచితే వేడెక్కి వాసనొస్తుంది. మోటారు చెడిపోయిందనుకుని తిప్పి పంపించేవాళ్ళూ ఉన్నారు.

ఆ మూడు వైర్ల సంగతి నాన్నకు తెలుసని పిల్లలకు తెలియదు. కొడుకు చేతిలో ఉన్నది తన బోరు మోటారుకు చుట్టమేనని నాన్నకూ తెలియదు. ఈ కథనమంతా ఆ ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ గురించే.

ఇప్పుడే ఎందుకంటే, ఈ బ్రష్‌లెస్ రకం మోటారు పల్నాట్లోకి ఇప్పటికే నాలుగు వైపుల నుంచీ వచ్చేసింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చిపెట్టినప్పటి నుంచి మందు కొట్టడం ఎంత ఖరీదైన పనో, ఎంత తొందర పనో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. వీపున తైవాన్ పంపు మోసే కూలీ దొరకని చోట డ్రోన్ దిగుతోంది. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామంది. 1,261 కోట్ల రూపాయల పథకమది. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం. మరోవైపు 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక, రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ) ఫ్యాన్లు కొట్ల ముందు వేలాడుతున్నాయి. పాత ఫ్యాన్ 70, 75 వాట్లు తాగే చోట ఇవి 30 దరిదాపుల్లో సరిపెట్టుకుంటాయి. ఈ-బైకుల చక్రంలో అదే మోటారు, ఈ-ఆటోలో అదే మోటారు. 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఒకేసారి లేచాయి. ఒక్కో దానికి నాలుగు చొప్పున లెక్కేసుకుంటే ఆ రాత్రి కృష్ణ మీద తిరిగిన బ్రష్‌లెస్ మోటార్లు 22,000.

ఇన్ని తిరుగుతున్నా బళ్ళలో నేర్పేది మాత్రం ఇంకా పాత మోటారే. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల్లో ఒక్కో బడికి 20 లక్షల గ్రాంటు ఉంది. అక్కడ పిల్లల చేతికొచ్చేది ఎక్కువగా పసుపు రంగు ప్లాస్టిక్ గేరుపెట్టె ఉన్న బీఓ మోటారు. తప్పు పట్టడం లేదు. యాభై రూపాయల మోటారు కాలిపోయినా ఎవరూ తిట్టరు, మొదటి పాఠానికి అంతకంటే కావలసింది లేదు. అయితే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. బీఓ మోటారు నుంచి బ్రష్‌లెస్‌కు రావడానికి మధ్యలో ఒక మెట్టు కావాలి. ఆ మెట్టు పుస్తకాల్లో కంటే వైండింగ్ షాపులో తేలిగ్గా దొరుకుతుందని నా నమ్మకం.

బొగ్గు పోయింది, ఏం వచ్చింది?

మిక్సీ రిపేరు చేయించినవాళ్ళకు 'కార్బన్లు అరిగిపోయాయి' అన్న మాట కొత్త కాదు. మిక్సీ లోపల తిరిగే ఆర్మేచర్‌కు రెండు పక్కలా ఒరుసుకుంటూ రెండు బొగ్గు ముక్కలుంటాయి. అవే బ్రష్‌లు. తిరిగే తీగచుట్టకు కరెంటు అందించడం వాటి పని. తిరిగేకొద్దీ ఏ చుట్టకు కరెంటు వెళ్ళాలో మార్చేది వాటి కింద ఉన్న రాగి ముక్కల చక్రం, కమ్యుటేటర్. ఈ మార్పిడి లేకపోతే ఏ డీసీ మోటారూ అరచుట్టు మించి తిరగదు. బీఓ మోటారులోనూ ఇదే ఏర్పాటు. రెండు వైర్లు తగిలిస్తే గిర్రున తిరగడానికి కారణం, మార్పిడి పనంతా లోపల దానంతటదే జరిగిపోవడం. అందుకు మనం కట్టే సుంకం రాపిడి, నిప్పురవ్వలు, అరుగుదల.

బ్రష్‌లెస్‌లో దీన్ని తిరగేశారు. తీగచుట్టలు కదలకుండా కూర్చుంటాయి, అయస్కాంతాలు తిరుగుతాయి. డ్రోన్లలో వాడే రకంలో చుట్టలు మధ్యలో ఉంటాయి. అయస్కాంతాలు అంటించిన బయటి గిన్నె మొత్తం వాటి చుట్టూ తిరుగుతుంది. కదలని చుట్టకు కరెంటు ఇవ్వడానికి బొగ్గెందుకు? మామూలు వైరు చాలు. అరిగేది బేరింగ్ ఒక్కటే. మరి కమ్యుటేటర్ చేసే మార్పిడి పని ఎవరు చేయాలి? మూడు వైర్లు వచ్చింది అక్కడే.

కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభను చూసినవాళ్ళకు దీన్ని వివరించడం తేలిక. ఎత్తైన ప్రభ మీద రంగుల వెలుగు పాములా పాకుతూ పైకెక్కుతుంది, చక్రంలా తిరుగుతుంది. నిజానికి ఒక్క బల్బూ కదలదు. ఒకటి ఆరి పక్కది వెలుగుతుంది, అంతే. కదిలేది వెలుగు. మోటారులోనూ ఇనుప పళ్ళ మీద చుట్టిన తీగలు కదలవు. మూడు గుంపులుగా విడదీసిన ఆ చుట్టల్లో ఒకదాని తర్వాత ఒకటిగా కరెంటు ఎక్కి దిగుతుంటే, అయస్కాంత బలం చుట్టూ తిరుగుతుంది. గిన్నెకు అంటించిన అయస్కాంతాలు దాని వెంట పరుగెడతాయి. రెండు వైర్లు తారుమారు చేస్తే వరస తిరగబడుతుంది, పరుగూ తిరగబడుతుంది. రైతు స్టార్టర్ డబ్బాలో చేసింది ఇదే.

తిరిగే అయస్కాంత క్షేత్రం ఆలోచన 1880లది. ఇటలీలో గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా దాదాపు ఒకే కాలంలో అక్కడికి చేరారు. 1889లో డొలీవో-డొబ్రోవోల్స్కీ మూడు ఫేజుల మోటారును ఇప్పుడు మన బోరులో ఉన్న రూపానికి తెచ్చాడు. చేతిలో ఉన్న డ్రోన్ మోటారు కొత్తగా కనిపిస్తుంది కానీ దాని వంశం వందేళ్ళ పైమాటే.

చుట్టరికం తెగే చోటు

అయితే ఒక తేడా ఉంది. మొత్తం కష్టం దాని దగ్గరే.

బోరు మోటారుకు కరెంటు ఆఫీసు నుంచి సెకనుకు 50 సార్లు ఊగే మూడు ఫేజులు వస్తాయి. లోపల తిరిగేది ఎక్కడుందో ఎవరూ పట్టించుకోరు. దాంట్లో అయస్కాంతమే లేదు. తిరిగే క్షేత్రం దాంట్లో కరెంటు పుట్టించి ఈడ్చుకుపోతుంది. కొంచెం వెనకబడినా ఫర్వాలేదు, అసలు ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. క్షేత్రం నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే మోటారు 2,880 దగ్గర తిరుగుతుంది. స్విచ్ వేస్తే లేచి తిరగడం దాని గుణం.

అయస్కాంతాలున్న మోటారుకు ఆ వెసులుబాటు లేదు. క్షేత్రం ముందుకు దూకితే అయస్కాంతం ఒక్క క్షణంలో దాన్ని అందుకోలేదు. అందుకోకపోతే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు లాగబడి వణికి ఊరుకుంటుంది. కాబట్టి అయస్కాంతం ఈ క్షణాన ఎక్కడుందో తెలుసుకుని, దానికి సరిగ్గా ఒక అడుగు ముందు క్షేత్రాన్ని నిలబెట్టేవాడు ఒకడు కావాలి. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు అమెరికన్ ఇంజినీర్లు బొగ్గు బదులు ట్రాన్సిస్టర్ల రకం స్విచ్‌లతో ఆ మార్పిడి చేయవచ్చని ఒక పత్రం రాశారు. బ్రష్‌లెస్ డీసీ మోటారు పుట్టుక అక్కడి నుంచే లెక్క. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఎవరికి వారు నియోడిమియం అయస్కాంతాన్ని కనిపెట్టాక ఆ మోటారు చిన్నదై చేతిలోకి వచ్చింది.

క్షేత్రాన్ని అలా ఒక అడుగు ముందు నిలబెట్టేవాడి పేరు ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్). అగ్గిపుల్ల పొడవు బోర్డు, మీద ఆరు స్విచ్‌లు. ఒక్కో వైరుకు రెండేసి, ఒకటి బ్యాటరీ ప్లస్‌కు, ఒకటి మైనస్‌కు. ఏ క్షణంలోనైనా రెండు వైర్లలో కరెంటు ఉంటుంది, మూడోది ఖాళీ. తెలివంతా ఆ ఖాళీ వైరులోనే. అయస్కాంతం దాని పక్కగా పోతుంటే అందులో చిన్న వోల్టేజీ పుడుతుంది. అది ప్లస్ నుంచి మైనస్‌కు దాటే క్షణాన్ని పసిగట్టి, ఈఎస్‌సీ తర్వాతి అడుగు వేస్తుంది. 12 పళ్ళు, 14 అయస్కాంతాలున్న మామూలు డ్రోన్ మోటారుకు, అయస్కాంతాల జతకు ఆరేసి చొప్పున, ఒక్క చుట్టుకు 42 అడుగులు. నిమిషానికి 10,000 చుట్లంటే సెకనుకు 7,000 నిర్ణయాలు.

బ్యాటరీ తగిలించగానే మోటారు 'పీప్... పీప్' మని పాడుతుంది కదా. చాలామంది బోర్డు మీద బజర్ ఉందనుకుంటారు. బజర్ లేదు. ఈఎస్‌సీ మోటారు చుట్టల్నే చెవికి వినిపించే వేగంతో గిలిస్తే, ఆ గిన్నె అదిరి శబ్దం చేస్తుంది. మోటారే స్పీకరు. ఆ కూతల లెక్కతోనే బ్యాటరీలో ఎన్ని సెల్‌లున్నాయో, థ్రాటిల్ కొలత సరిగా పట్టుకుందో లేదో చెబుతుంది. ఈఎస్‌సీకి ఆర్డినో బోర్డు నుంచి ఇవ్వాల్సిన సంకేతం కూడా సులువే. సర్వో మోటారుకు ఇచ్చే పల్సే. 1,000 మైక్రోసెకన్లంటే ఆగు, 2,000 అంటే పూర్తి వేగం. కొత్తగా తగిలించినప్పుడు ముందు 2,000 ఇచ్చి బ్యాటరీ కలిపి, కూత వినపడ్డాక 1,000కి దించితే హద్దులు గుర్తుపెట్టుకుంటుంది. ఆ పని చేసేటప్పుడు రెక్క ఊడదీసి ఉండాలి. ఈ ఒక్క నియమం దగ్గర మొహమాటం పనికిరాదు. పదంగుళాల ప్లాస్టిక్ రెక్క వేళ్ళను తెగ్గొట్టగలదు.

అంకెలు చదవడం

మోటారు మీద 2212 అని ఉంటే లోపలి ఇనుప భాగం 22 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల ఎత్తు. పక్కనే 1000 కేవీ అని ఉంటుంది. సబ్‌స్టేషన్ కేవీ కాదది, వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు అన్న లెక్క. 11.1 వోల్టుల బ్యాటరీకి బరువు లేకుండా 11,100 చుట్లు. ఆ అంకె పెద్దదైతే మోటారు గొప్పదని అనుకునే పొరపాటు అందరూ చేస్తారు. వేగం పెరిగినంత మేరా ఆంపియరుకు వచ్చే తిప్పుడు బలం తగ్గుతుంది. 9.55ను కేవీతో భాగిస్తే ఒక్క ఆంపియరుకు ఎన్ని న్యూటన్-మీటర్లో వస్తుంది. మిరప చేలో మందు కొట్టే డ్రోన్లలో 8120 రకం మోటారు కనిపిస్తుంది. దాని కేవీ 100 మాత్రమే. 44.4 వోల్టుల బ్యాటరీతో 30 అంగుళాల రెక్కను నింపాదిగా తిప్పుతుంది. రేసు డ్రోన్ చిన్న రెక్క కోసం రెండు వేల కేవీకి పోతే, బరువు మోసేవాడు వందలోనే ఆగాడు.

ఇది తెలియకనే రోబో పిల్లలు దెబ్బతింటారు. డ్రోన్ మోటారు చవగ్గా దొరుకుతుంది కాబట్టి దాని షాఫ్టుకు నేరుగా చక్రం బిగిస్తారు. థ్రాటిల్ ఇస్తే బండి కదలదు, గడగడ వణుకుతుంది. కారణాలు రెండు. మొదటిది, ఈఎస్‌సీ ఖాళీ వైరులో వోల్టేజీని చూసి నడుస్తుందన్నాం కదా. ఆగి ఉన్న మోటారులో ఆ వోల్టేజీ సున్నా. మొదటి కొన్ని అడుగులు గుడ్డిగా తోయాల్సిందే. తేలికైన రెక్కయితే ఆ తోపుకు లేచిపోతుంది. రెండు కిలోల బండి లేవదు. రెండో కారణం బలం. ఆరున్నర అంగుళాల చక్రానికి 1000 కేవీ మోటారు పెట్టి పది ఆంపియర్లు పంపితే, చక్రం అంచున నెట్టుడు నూట ఇరవై గ్రాములు కూడా ఉండదు.

అదే ఆరున్నర అంగుళాల చక్రం పాత హోవర్‌బోర్డులో ఉంటుంది. పిల్లలు నిలబడి జారే ఆ బల్ల పాడైపోతే తుక్కులో పడేస్తారు, తుక్కు కొట్టువాడు దాన్ని ఇనుము ధరకు అమ్ముతాడు. చక్రం లోపలే మోటారు. 27 పళ్ళు, 30 అయస్కాంతాలు, కేవీ దాదాపు 16. అవే పది ఆంపియర్లకు అంచున ఏడు కిలోల నెట్టుడు. గేరు అక్కర్లేదు. పైగా మూడు లావు వైర్లతో పాటు ఐదు సన్న వైర్లు బయటికొస్తాయి. అవి హాల్ సెన్సర్లవి. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన ప్రభావం పేరు మీద వచ్చిన చిన్న చిప్‌లు. అయస్కాంతం ఎక్కడుందో ఆగి ఉన్నప్పుడు కూడా చెబుతాయి. వణుకుడు రోగానికి మందు అదే. మిరప టిక్కీలు మోసే చిన్న బండి చేయాలని ఎవరికైనా ఉంటే, నేనైతే మొదలుపెట్టేది డ్రోన్ మోటారుతో కాదు, ఈ తుక్కు చక్రంతో.

చక్రం నున్నగా, నత్తనడకన కూడా తిరగాలంటే ఈఎస్‌సీ వేసే ఆ ఆరు అడుగుల పద్ధతి చాలదు. అక్కడ ఎఫ్‌ఓసీ (ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్) అనే పద్ధతి వస్తుంది. మూడు వైర్లలో కరెంటును విడివిడిగా కాకుండా, అయస్కాంతంతో పాటు తిరుగుతూ చూస్తే రెండే అంకెలు మిగులుతాయి. ఒకటి తిప్పేది, రెండోది వృథాగా లాగేది. మొదటిదాన్ని పెంచి రెండోదాన్ని సున్నా చేస్తే పని అయిపోతుంది. మూడింటిని రెండుగా మార్చే లెక్క ఎడిత్ క్లార్క్‌ది. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1947లో అమెరికాలో మొట్టమొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అయిన మనిషి. ఆ రెండింటినీ తిరిగే చట్రంలోంచి చూసే లెక్క 1929లో రాబర్ట్ పార్క్ రాసింది. వాళ్ళు లెక్కేసింది బొమ్మ మోటార్ల కోసం కాదు, పవర్‌హౌస్ జనరేటర్ల కోసం. 1970ల మొదట్లో జర్మనీలో దాన్ని మోటార్లకు పట్టించారు. ఇవాళ సింపుల్‌ఎఫ్‌ఓసీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్కలన్నీ రాసి పెట్టేసి ఉన్నాయి. నూట యాభై రూపాయల చిప్ ఒకటి, ఏఎస్5600, ఒక చుట్టును 4,096 భాగాలుగా కొలిచి ఇస్తుంది.

పవర్‌హౌస్ అంటే గుర్తొచ్చింది. మాచర్ల వాళ్ళకు ఈ పాఠం చెప్పడానికి కొండంత ఉదాహరణ పొరుగునే ఉంది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్‌లో, నది గట్టున ఉన్న ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. వాటిలో ఏడు, ఒక్కోటి 100.8 మెగావాట్లవి, రెండు వైపులా పనిచేయగలవు. నీళ్ళు కిందికి దిగితే కరెంటు పుట్టిస్తాయి, కరెంటు ఇస్తే నీళ్ళను తిరిగి పైకి తోడతాయి. తోడడానికి కింద నీళ్ళు నిలవాలి కాబట్టి దిగువన సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. జనరేటరూ మోటారూ వేరు కాదనడానికి ఇంతకంటే పెద్ద రుజువు ఎక్కడ దొరుకుతుంది?

చిన్న రుజువు బల్ల మీదే చేసుకోవచ్చు. డ్రోన్ మోటారు మూడు వైర్లను విడివిడిగా ఉంచి వేళ్ళతో తిప్పండి, సులువుగా తిరుగుతుంది. మూడింటినీ కలిపి మెలిపెట్టి మళ్ళీ తిప్పండి, తేనెలో తిప్పినట్టు బరువుగా ఉంటుంది. మీరు పుట్టించిన కరెంటే మీకు అడ్డుపడుతోంది. వైర్లు విడిగా ఉన్నప్పుడే ఆ బరువు తగిలిందంటే లోపల చుట్ట మాడి ఒకదానికొకటి అంటుకుందని అర్థం. కొనే ముందు కొట్లో నిలబడి చేయదగిన పరీక్ష ఇది. షాఫ్టును డ్రిల్లింగ్ మెషిన్‌కు బిగించి తిప్పి, రెండు వైర్ల మధ్య ఏసీ వోల్టేజీ కొలిచి 1.414తో హెచ్చించి, ఆ అంకెతో మెషిన్ చుట్ల వేగాన్ని భాగిస్తే కేవీ వచ్చేస్తుంది. తుక్కు మోటారు మీద ఏ అంకే లేకపోయినా భయం లేదు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ విప్పండి, లోపల పళ్ళేన్ని తిప్పేది కూడా బ్రష్‌లెస్ మోటారే.

రెంటచింతల ఎండలో

మోటారుతో వచ్చే కాగితాల మీది అంకెలు చల్లని గదిలో రాసినవి. ఏటా ఎండాకాలం వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినపడకుండా ఉండదు. 45 డిగ్రీల ఎండలో ఆ అంకెలు చెల్లవు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీల దగ్గర సత్తువ కోల్పోవడం మొదలుపెడుతుంది. పోయినది చల్లారాక పూర్తిగా తిరిగి రాదు. 25 డిగ్రీల గదిలో ఆ హద్దుకు 55 డిగ్రీల వెసులుబాటు ఉంటే, ఇక్కడ 35 మాత్రమే. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క వేస్తే మన ఎండలో అదే మోటారుకు అయిదో వంతు కరెంటు తగ్గించి పంపాలి. రాగి కూడా ఊరుకోదు. 25 నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే దాని నిరోధం ముప్ఫై శాతం దాకా పెరుగుతుంది, అదే కరెంటుకు మరింత వేడి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన చోట ఛార్జింగ్ పెట్టకూడదు. మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది.

వేడికి తట్టుకునే అయస్కాంతంలో డిస్ప్రోసియం అనే అరుదైన లోహం కలపాలి. 2025 ఏప్రిల్‌లో చైనా దాని ఎగుమతి మీద ఆంక్షలు పెట్టగానే మన ఈ-బైకుల కంపెనీలు గిలగిల్లాడింది అందుకే. విశాఖలో ఐఆర్ఈఎల్ సంస్థ కట్టిన సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. ఆ రకం మూడు వందల డిగ్రీలకూ చలించదు. ధర మాత్రం బొమ్మలకు అందేది కాదు.

దుమ్ము సంగతి వేరే. పిడుగురాళ్ళ సున్నపు దుమ్ము అయస్కాంతానికి అంటదు, బేరింగ్‌లో మాత్రం ఇసుకలా నూరుతుంది. వెల్డింగ్ షాపు పక్కన బల్ల వేసుకుంటే ఇంకా ప్రమాదం. ఇనుప రజను గిన్నెలోకి దూరి, అయస్కాంతానికీ పళ్ళకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి ఖాళీలో ఇరుక్కుంటుంది.

ఎగరేసే ముందు చట్టం కూడా ఒకసారి చూసుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో, రెండు కిలోల లోపు మైక్రో. సరదాకు మైక్రో ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కూలికి ఎగరేస్తే కావాలి. మందు కొట్టే డ్రోన్ రెండు నుంచి 25 కిలోల తరగతిలో పడుతుంది, దానికి శిక్షణ, సర్టిఫికెట్ తప్పవు. నేల మీద నడిచే రోబోకు ఈ బాధేమీ లేదు. మొదట చక్రం, తర్వాత రెక్క అని నేను చెప్పడానికి అదీ ఒక కారణం.

షాపు గడప ఎక్కితే

వైండింగ్ షాపులో రోజూ జరిగేది చూడండి. మాడిన మోటారు విప్పుతారు. పాత చుట్టను కోసి తీసే ముందు చుట్లు లెక్కపెడతారు, తీగ గేజ్ కొలుస్తారు. ఇనుప గాడిలో లెదరాయిడ్ పేపరు పరిచి కొత్త తీగ దించి, వార్నిష్ పోసి ఆరబెడతారు. మోనోబ్లాక్‌కు ఎనామిల్ తీగ, నీళ్ళలో మునిగే సబ్‌మెర్సిబుల్‌కు ప్లాస్టిక్ తొడుగు తీగ. స్టార్, డెల్టా కనెక్షన్లు వాళ్ళ నోటి చివర ఉంటాయి. డ్రోన్ మోటారులోనూ అవే రెండు. స్టార్‌లో ఉన్నదాన్ని డెల్టాకు మారిస్తే కేవీ 1.73 రెట్లు అవుతుంది. ఆ 1.73 వాళ్ళకు పాత మిత్రుడే. అన్నా, ఇది చూడు అని ఇరవై రెండు మిల్లీమీటర్ల మోటారును బల్ల మీద పెడితే, ముందు 'ఏందయ్యా ఇది, బొమ్మా?' అని నవ్వుతారు. గిన్నె ఊడదీసి లోపలి పళ్ళు చూపిస్తే నవ్వు ఆగి కళ్ళద్దాలు బయటికొస్తాయి.

రోబో పిల్లలకు అక్కడ దొరికే లాభం రిపేరు ఒక్కటే కాదు. 1000 కేవీ మోటారు చక్రానికి పనికిరాదన్నాం. కేవీ అనేది చుట్ల సంఖ్యకు విలోమం. తీగను అడ్డుకోత వైశాల్యంలో సగానికి దించి, రెట్టింపు చుట్లు చుడితే అదే మోటారు 500 కేవీ అవుతుంది. ఆంపియరుకు బలం రెట్టింపవుతుంది, ఈఎస్‌సీ మీద భారం సగమవుతుంది. ఇందులో మాయ లేదు. అదే బలానికి రాగిలో పుట్టే వేడి ముందు ఎంతో ఇప్పుడూ అంతే, ఎందుకంటే నిరోధం నాలుగు రెట్లయింది. మోటారు పెద్దదైపోదు. మీ బ్యాటరీకీ, మీ వేగానికీ సరిపడేట్టు మారుతుంది. చాలాసార్లు కావలసింది అదే.

వైండింగ్ అన్నకు కొత్తగా తోచేది చుట్టే వరస. బోరు మోటారులో చుట్ట చాలా గాళ్ళు దాటి పడుతుంది. ఇక్కడ ఒక్కో పంటికి విడిగా చుట్టాలి. 12 పళ్ళు, 14 అయస్కాంతాల మోటారుకు మొదటి ఫేజు 1వ పన్ను మీద సవ్యంగా, 2 మీద అపసవ్యంగా, 7 మీద అపసవ్యంగా, 8 మీద సవ్యంగా నడుస్తుంది. రెండోది 3 మీద అపసవ్యం, 4, 9 మీద సవ్యం, 10 మీద అపసవ్యం. మూడోది 5 మీద సవ్యం, 6, 11 మీద అపసవ్యం, 12 మీద సవ్యం. కాగితం మీద గీసి పక్కన పెట్టుకుని చుట్టడం మంచిది. చేయి తిరిగినవాళ్ళు కూడా 7 దగ్గర అలవాటుగా సవ్యంగా చుట్టేస్తారు. వార్నిష్ పోయకముందే గిన్నె తగిలించి, డ్రిల్లింగ్ మెషిన్‌తో తిప్పి, మూడు జతల వైర్ల మీదా వోల్టేజీ చూడాలి. మూడూ సమానంగా వస్తే సరే. ఒకటి పెద్దగా, రెండు చిన్నగా వస్తే ఒక ఫేజు మొత్తం తలకిందులైంది, కొసలు మారిస్తే చాలు. ఒక ఫేజును విడిగా కొలిస్తే వోల్టేజీ మిగతావాటిలో సగమే వచ్చిందంటే మాత్రం ఏదో ఒక పన్ను ఎదురు పడింది, దాన్ని విప్పి మళ్ళీ చుట్టాల్సిందే.